జూనియర్ల ఇంటర్న్‌షిప్‌కి మన బ్యాచ్ స్టైపెండ్ ఇవ్వాలంటే

2020-21లో మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ విశాఖలో గాజువాకలోనో సిరిపురంలోనో ఉండే చిన్న ఆఫీసులు పని నేర్పుతాయి గానీ డబ్బులివ్వవు, చాలావాటికి ఇచ్చే స్తోమత కూడా ఉండదు. 2024లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్‌లో నెలకు 5,000 అన్నారు, అయితే రెగ్యులర్‌గా కాలేజీలో చదివేవాళ్లకు అప్పుడు అది వర్తించలేదు.

చోడవరం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీ చూశాను. బస్సు రానుపోను, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి షేర్ ఆటో, మధ్యాహ్నం భోజనం అని వరసగా రాసుకుంది. భోజనం కొట్టేసి పక్కన 'బాక్స్' అని రాసింది, దాని కింద ఆటో కూడా కొట్టేసి 'నడక' అని రాసింది. మే నెల ఎండలో! ఆ పేజీ చూశాకే మా బ్యాచ్ గ్రూపులో చందా మొదలుపెట్టాం.

లెక్క పెద్దదేం కాదు. నెలకు 6,000 చొప్పున వేసవిలో చేసే రెండు నెలలకు 12,000, అంటే పన్నెండు మంది తలా వెయ్యి వేస్తే ఒక స్టూడెంట్‌కి సరిపోతుంది. వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు ఆఫీసువాళ్లని కూడా అడగండి, కనీసం మధ్యాహ్నం భోజనమైనా పెట్టమని. పెద్ద దాత కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు, ఒక్కరికి సరిపడా రాగానే ఒక్కరితోనే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు నేరుగా స్టూడెంట్ బ్యాంకు ఖాతాలో పడాలి, అదీ నెల మొదట్లో. మొదటిసారి మేం తెలియక మొత్తం ఒక సంస్థ చేతికిచ్చాం, పని అయ్యాక చూద్దాంలే అని వాళ్లు ఆపేశారు, బస్సు చార్జీలకు లేక ఒక అబ్బాయి మూడో వారంలోనే మానేశాడు. డబ్బు మా దగ్గర ఉండి కూడా వాడికి అందలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చివర్లో ఇచ్చేది బహుమతి అవుతుంది గానీ ఖర్చుకు పనికిరాదు.

ఎవరికివ్వాలో దాతలు తేల్చకూడదు, మనవాళ్ల పిల్లలంటూ ఫోన్లు మొదలవుతాయి. ఇంటర్న్‌షిప్ చూసే లెక్చరర్‌ని, ఆఫీసులో పని నేర్పే మనిషిని కూర్చోబెట్టి, ఎంత దూరం నుంచి వస్తున్నారు, ఇంటి పరిస్థితి ఏంటి అన్నవి చూసి తేల్చమనండి. ఏం పని నేర్పుతారో కూడా ఒక కాగితం మీద రాయించుకోండి, జిరాక్సులు తీయించడానికీ టీలు తెప్పించడానికీ మనం డబ్బివ్వక్కర్లేదు. స్టేజీ ఎక్కించి చెక్కు చేతికిస్తూ ఫోటోలు మాత్రం వద్దు. తీసుకునేవాళ్లకు ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి.

పన్ను సంగతి. ఎవరో ఒకరి సొంత ఖాతాకు ఫోన్‌పే చేస్తే మినహాయింపు రాదు. అది కావాలంటే కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి విరాళాలపై పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు (80జి అంటారు) ఉందో లేదో కనుక్కుని దాని ఖాతాలో వేయండి, అక్కడి నుంచి స్టూడెంట్ ఖాతాలో వేయించండి, 2,000 దాటితే నగదుగా ఇవ్వొద్దు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ ఈ మినహాయింపు లేదు. అమెరికాలో ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళం కిందికే వస్తుంది. సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ డబ్బు తీసుకోకండి.

ఇంటర్న్‌షిప్ మేలో అయితే ఏప్రిల్ మొదటి వారానికే డబ్బు చేతిలో ఉండాలి. గ్రూపులో 'ఎవరెంత ఇస్తారు' అని అడిగితే నాలుగు దండాల బొమ్మలు వస్తాయి, అంతే. ముందు మీ వెయ్యి వేసి ఆ స్క్రీన్‌షాట్ పెట్టి, 'ఇంకా పదకొండు మంది కావాలి' అని రాయండి.