చెరువులో వదిలిన చేప గాలానికి పడకపోతే

వరంగల్ ప్రాంతంలోని పాకాల, ధర్మసాగర్ వైపు చెరువుల్లో దొరికే బొచ్చె (కట్ల), రవ్వ (రోహు), మోసు (మ్రిగాల) చేపలు చాలావరకు వదిలిన పిల్లలే. ఇవి నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, వానాకాలపు పారే నీళ్లు కావాలి. అందుకే ఏటా హేచరీల (గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే కేంద్రాల) నుంచి పిల్లల్ని తెచ్చి వదులుతారు. తెలంగాణలో ఉచిత చేపపిల్లల పంపిణీ 2016-17లో మొదలైంది.

సమస్య: పొద్దంతా కూర్చున్నా బెండు (దారానికి కట్టి నీటిపై తేలనిచ్చే ముక్క) కదలదు.

కారణం: ఎక్కువసార్లు తప్పు ఎరలో ఉండదు, లోతులో ఉంటుంది. చేప ఎక్కడ మేస్తుందో దాని నోరు చూస్తే తెలిసిపోతుంది. బొచ్చెకు తల పెద్దది, కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుంటుంది, మీసాలుండవు. అది పై నీళ్లలో సన్నటి పురుగుల్ని వడగట్టుకు తింటుంది. రవ్వకు తల చిన్నది, పెదవుల అంచులు కుచ్చుల్లా ఉంటాయి, నడినీళ్లలో తిరుగుతుంది. మోసు ఒళ్లు సన్నం, మూతి మొద్దు, అడుగు బురదలో మేత. బంగారుతీగ (కామన్ కార్ప్) కూడా అడుగు చేపే, నోటి దగ్గర నాలుగు మీసాలు చూసి గుర్తుపట్టొచ్చు.

పరిష్కారం: నిన్న వలకు ఏం పడిందో ముందు అడగండి. బొచ్చె అయితే బెండు కింద మూరెడు, రెండు మూరల దారం చాలు. తవుడు, పల్లిచెక్క పొడి, గోధుమపిండి కలిపిన ముద్ద పెట్టండి. అది నీళ్లలో మెల్లగా విడిపోతూ మబ్బులా పరుచుకుంటుంది, బొచ్చె ఆ మబ్బులోకే వస్తుంది. మోసుకైతే సీసం గుండు నేలకు తాకాలి. ఎర లేకుండా ఒకసారి గుండు వదిలి, నేలకు తాకినప్పుడు బెండు నీటిపైన నిలబడేలా జరుపుకుంటే లోతు తేలిపోతుంది.

సమస్య: బెండు టకటకా ఆడుతుంది, లాగితే గాలం ఖాళీ.

పరకల్లాంటి చిన్న చేపలు ముద్దను కొరికేస్తున్నాయి. పిండిని ఉడికించి గట్టిగా పిసకండి. మొదటి కదలికకే గుంజొద్దు, బెండు మునిగేదాకా ఆగండి.

సమస్య: తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, ఎర మాత్రం ముట్టవు.

కారణం: నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, వెలుగు లేక కొత్తది తయారు కాదు. మబ్బు పట్టిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

పరిష్కారం: ఊపిరాడని చేప తినదు, గాలం పక్కన పెట్టండి. చెరువు చూసుకునే మత్స్య సహకార సంఘం వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమైతే చేపలు చచ్చి తేలతాయి. ఎండ బాగా ఎక్కాక మళ్లీ వేసి చూడొచ్చు.

సమస్య: పెద్ద చేప పడింది, దారం తెగింది.

తెగిన కొన గరుకుగా ఉంటే బంగారుతీగ పని కావొచ్చు. దాని వీపు రెక్క మొదటి ముల్లు రంపంలా ఉంటుంది. లావు దారం కట్టండి, ఒడ్డుకొచ్చాక దారంతో ఎత్తకుండా చేతివలతో తీయండి.

చెరువులో చేపలు సాధారణంగా మత్స్య సహకార సంఘం హక్కు, వాళ్ల ఏడాది సంపాదన. అడిగాకే గాలం వేయండి. అరచేతి పిల్ల పడితే చేతులు తడుపుకుని, మొప్పలు ముట్టకుండా గాలం తీసి నీళ్లలో వదిలేయండి.