మిద్దె మీద "హౌస్ ఆన్ హాంటెడ్ హిల్", నెత్తి మీద అస్థిపంజరం

1959లో విలియం కాజిల్ తీసిన ఈ సినిమాలో యాసిడ్ తొట్టిలోంచి అస్థిపంజరం లేచేటప్పుడు, హాల్లో జనం నెత్తి మీదుగా తీగ పట్టుకుని ఇంకో అస్థిపంజరం వచ్చేది. ఆ ఏర్పాటుకి "ఎమర్గో" అని పేరు కూడా పెట్టారు. అది లేకపోతే మిగిలేది 75 నిమిషాల మామూలు హత్యల సినిమా. అందుకే అస్థిపంజరంతో సహా దీన్ని మన మిద్దె మీద ఎలా వేయాలో చెప్తాను. మన చట్టం ప్రకారం సినిమా హక్కులు 60 ఏళ్లే కాబట్టి 2019తో దీని గడువు తీరింది. రంగులద్దిన ప్రతి తర్వాతెప్పుడో వచ్చింది, దాని జోలికి పోకండి.

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, జనవరిలో మంచు. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. బాగా చీకటి పడ్డాకే మొదలెట్టండి. పక్కింటి ట్యూబులైటు వెలుగు పడితే నలుపంతా బూడిదరంగుకి తిరిగి, భయం పోతుంది.

దుప్పటి కడితే సముద్రపు గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. మెట్లగది గోడకి తెల్ల డిస్టెంపర్ రెండు కోట్లు వేస్తే అదే తెర. మెరిసే పెయింటు వద్దు, బొమ్మ మధ్యలో వెలుగు మచ్చ కడుతుంది. 7 అడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే, త్రో రేషియో (గోడకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ని పదిన్నర అడుగుల దూరంలో, పొట్టి స్టూలు మీద పెట్టాలి. జనం వెనక ఎత్తులో పెడితే అస్థిపంజరం నీడ ముందే గోడ మీద పడి గుట్టు రట్టవుతుంది. సౌండుకి ఒక్క స్పీకర్ చాలు, వైరుతోనే కలపండి. బ్లూటూత్ అయితే మాట పెదవుల వెనక పడుతుంది.

అస్థిపంజరాన్ని అర అంగుళం థర్మాకోల్ షీటులో మూడడుగుల ఎత్తున కోయండి. కీళ్ల దగ్గర దారంతో వదులుగా కట్టండి. నీళ్లలో కలిపే రంగే వేయాలి; స్ప్రే డబ్బా కొట్టారో, థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. కళ్లకి రెండు ఎర్ర ఎల్‌ఈడీలు, ఒక బటన్ సెల్ సరిపోతాయి.

మెట్లగది పైనుంచి నీళ్ల ట్యాంకు స్టాండు దాకా 2 మి.మీ. జీఐ తీగ లాగి, టర్న్‌బకిల్‌తో (తిప్పితే తీగని బిగించే మర) బిగించండి. తీగ బాగా వేలాడే చోట కూడా బొమ్మ కాళ్లు నేలకి 8 అడుగుల పైన ఉండాలి. కరెంటు తీగలున్న వైపు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. బొమ్మని ఒకే రింగుకి తగిలిస్తే గిర్రున తిరుగుతుంది, భుజానికొకటి చొప్పున రెండు వేయండి. థర్మాకోల్ తేలిక, వాలుకి తనంతట జారదు. ముందొకటి, వెనకొకటి నైలాన్ దారాలు కట్టి ఇద్దరు పట్టుకోవాలి.

సినిమా ముందే చూసి, అస్థిపంజరం లేచే నిమిషం రాసిపెట్టుకోండి. తెర మీద అది లేవగానే మన బొమ్మ కళ్లు వెలిగించి, ముప్పై అడుగులకి ఇరవై సెకన్లు పట్టేలా నిదానంగా లాగాలి.

చూసేవాళ్లకి కథ ముందుగా రెండు ముక్కల్లో తెలుగులో చెప్పండి: రాత్రంతా ఆ ఇంట్లో ఉంటే మనిషికి పదివేల డాలర్లు, అర్ధరాత్రికి తలుపులు మూసేస్తారు. అంతకు మించి చెప్పొద్దు. మొదట్లో తెర నల్లగా ఉండి కేకలే వినిపిస్తాయి, ప్రొజెక్టర్ చెడిందనుకుని వైర్లు పీకకండి.

అమెరికా హాళ్లలో పిల్లలు ఆ బొమ్మ మీదికి పాప్‌కార్న్ డబ్బాలు విసిరేవాళ్లు. ఇక్కడ చెప్పులు కూడా లేవొచ్చు, ప్రొజెక్టర్ పక్కన ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టండి.