రేంజ్‌ల టైపులు కలవనప్పుడు: జీసీసీలో నా అనుభవం

సీ, సీ++ లాంటి భాషల కంపైలర్ జీసీసీ మీద మేం రాసుకున్న ఒక ఆప్టిమైజేషన్ పాస్ (కోడ్‌ను మెరుగుపరిచే దశ), చెకింగ్ ఆన్ చేసి బిల్డ్ చేయగానే అసర్షన్ (కంపైలర్ తనను తాను సరిచూసుకునే తనిఖీ) దగ్గర ఆగిపోయింది. కలపాల్సిన రెండు వాల్యూ రేంజ్‌లలో (వేరియబుల్ తీసుకోగల విలువల పరిధులలో) ఒకటి 32 బిట్ల ఇంట్, రెండోది 8 బిట్ల అన్‌సైన్డ్ చార్. బిట్ల సంఖ్య, సైన్ (నెగటివ్ విలువలు ఉండొచ్చా లేదా అన్నది) రెండూ సరిపోతేనే వాటిని కలపాలి.

రేంజ్ రెండు చివరల విలువలను మాత్రమే కొత్త టైప్‌లోకి మార్చి సరిపెట్టడం ప్రమాదం. 250 నుంచి 260 వరకున్న రేంజ్‌ను 8 బిట్లకు కుదిస్తే నిజానికి 0–4, 250–255 అని రెండు ముక్కలవుతుంది. చివరలు మాత్రమే మారిస్తే 250 నుంచి 4 అనే అర్థంలేని రేంజ్ మిగులుతుంది.

ఫలితం అన్‌సైన్డ్ చార్ కాబట్టి, కలిపే ముందు ఇంట్ రేంజ్‌ను రేంజ్_కాస్ట్ అనే జీసీసీ ఫంక్షన్‌తో ఆ టైప్‌కి మార్చాను. అసర్షన్ పోయింది. షిఫ్ట్‌ల (బిట్లను పక్కకు జరిపే ఆపరేషన్ల) జోలికి మాత్రం పోలేదు, అక్కడ కుడివైపు ఆపరాండ్ టైప్ వేరుగా ఉండటం మామూలే.