జే-సై ఎంత వేగంగా విడిపోతుంది? ల్యాప్‌టాప్ మీద లెక్క

జే-సై అంటే చార్మ్ క్వార్క్, దాని ప్రతిక్వార్క్ కలిసిన కణం. క్వార్కులు, వాటిని అతికించే గ్లూవాన్లు విడివిడిగా తిరిగే అతివేడి ప్లాస్మాలో అది ఎంత త్వరగా తెగిపోతుందన్నదే ఈ లెక్క. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ అంశం తీసుకున్నవాళ్లకి పెద్ద కంప్యూటరేమీ అక్కర్లేదు. పైథాన్, దాని లెక్కల లైబ్రరీ సైపై చాలు. కరెంటు పోయేలోపే జవాబు వచ్చేస్తుంది.

ముందు యూనిట్లు. శక్తి, ద్రవ్యరాశి, ఉష్ణోగ్రత అన్నీ జీఈవీలోనే (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు; ఎంఈవీ అందులో వెయ్యో వంతు) నడపండి. చివర్లో 1 జీఈవీ⁻² = 0.3894 మిల్లీబార్న్ (వైశాల్యపు కొలత) అని మార్చుకోండి. సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

జే-సై ద్రవ్యరాశి 3.097, డీ-డీబార్ జతది (అది విడిపోతే వచ్చే చార్మ్ మీసాన్లు) సుమారు 3.735 జీఈవీ. తేడా సుమారు 0.64; అదే బంధన శక్తి. ప్లాస్మాలో దీన్ని గ్లూవాన్ తెంచుతుంది. జే-సై కదలకుండా ఉందనుకుని, గ్లూవాన్ శక్తిని 0.64తో భాగిస్తే వచ్చేది ఎక్స్. 1979 నాటి భనోత్-పెస్కిన్ సూత్రంలో అడ్డకోత వైశాల్యం, అంటే గుద్దుకుని తెగే అవకాశపు కొలత, (ఎక్స్−1)^1.5 ÷ ఎక్స్^5 లాగా మారుతుంది. దాన్ని గుణించాల్సిన సంఖ్య: 238.3 ÷ [చార్మ్ ద్రవ్యరాశి × √(చార్మ్ ద్రవ్యరాశి × 0.64)]. చార్మ్‌కి 1.5 పెడితే 0.91 జీఈవీ దగ్గర సుమారు 3 మిల్లీబార్న్ శిఖరం రావాలి. రాకపోతే ముందుకెళ్లొద్దు.

విడిపోయే రేటు కోసం 0.81 × శక్తి² × బోస్ పంపిణీ (ఆ వేడిలో ఏ శక్తి గ్లూవాన్లు ఎన్నో చెప్పేది) × అడ్డకోతని సమాకలనం చేయండి. కింది హద్దు 0.64, సున్నా నుంచి మొదలెడితే రుణసంఖ్యకి 1.5 ఘాతం పడి ప్రోగ్రాం 'నాన్' (సంఖ్య కాదు) అనో ఎర్రర్ అనో చూపిస్తుంది. సరిచూసుకోవడానికి అడ్డకోత బదులు 1 పెట్టి, హద్దు సున్నా చేయండి: 300 ఎంఈవీ ఉష్ణోగ్రత వద్ద ఘన ఫెర్మీకి (ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు) 6.8 గ్లూవాన్లు రావాలి. అసలు రేటు 145 ఎంఈవీ దరిదాపుల్లో, అంటే ఆయుష్షు దాదాపు 1.4 ఫెర్మీ (కాంతి అంత దూరం పోయే సమయం).

అసలు చిక్కు ఇక్కడుంది. వేడికి డిబై తెర (చుట్టూ ఉన్న ప్లాస్మా కణాలు క్వార్కుల మధ్య ఆకర్షణని కప్పేయడం) వల్ల బంధన శక్తి తగ్గుతుంది కదా అని 0.64 బదులు 0.1 పెడితే రేటు పెరగాల్సింది పోయి పడిపోతుంది! శిఖరం తక్కువ శక్తి వైపు జరుగుతుంది, అక్కడ గ్లూవాన్లకి చోటు తక్కువ. ముడి వదులైతే సులువుగా ఊడాలి గానీ బిగుసుకోకూడదు. ఆ దశలో గ్లూవాన్ గానీ క్వార్క్ గానీ విడిగా ఒక్క చార్మ్‌నే గుద్దే ప్రక్రియని కలపాలి. అది లేని గ్రాఫ్‌ని నమ్మకండి.

ప్లాస్మా చల్లారి 156 ఎంఈవీ కిందికి వస్తే మిగిలేవి హాడ్రాన్లు (పయాన్, రో లాంటి క్వార్కుల ముద్దలు). పయాన్లు ఘన ఫెర్మీకి సుమారు 0.14 ఉంటాయి గానీ, జే-సైని గుద్ది డీ-డీస్టార్ జతని (డీస్టార్ కాస్త బరువైన డీ) పుట్టించాలంటే పయాన్‌కి 0.87 జీఈవీ ఉండాలి. అంతటివి బహు కొద్ది. రో మీసాన్ సంగతి వేరు: దాని ద్రవ్యరాశితోనే డీ-డీబార్ గడప (అవి పుట్టడానికి కావాల్సిన కనీస శక్తి) దాటిపోతుంది. గడప దగ్గర అడ్డకోత అనంతానికి పోతుంటే కంగారు పడకండి, సాపేక్ష వేగంతో గుణించగానే సర్దుకుంటుంది. ఆ గుణకాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.