మీ ఊళ్లో యువ నాయకులను తయారుచేసే ఫెలోషిప్ ఎలా నడపాలి?

తిరుపతిలో చదువుకునే పిల్లలకు కొదవ లేదు. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చి ఇక్కడే గదులు తీసుకుని ఉండేవాళ్లు ఎందరో. అయినా వీధి కాలువ పొంగితే పదిమందిని కూడగట్టి వెళ్లి అడిగే కుర్రవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పని వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే. నేర్పితే వస్తుంది.

ఫెలోషిప్ అంటే ఇక్కడ, యువత సొంత వీధి సమస్య మీద పనిచేస్తూ నాయకత్వం నేర్చుకునే శిక్షణ. మేం కొందరం కలిసి నడిపిన అలాంటి ఆరు నెలల ఫెలోషిప్ నుంచి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిది మంది ఫెలోలు (అంటే నేర్చుకునే యువత), వారానికి పది గంటల పని, ఒక్కొక్కరికి ఒక్కో వీధి. చిత్తూరులోనైనా, మీ మండల కేంద్రంలోనైనా ఇదే లెక్కతో మొదలుపెట్టొచ్చు.

మొదటి పని: మనుషుల్ని వెతకడం

దరఖాస్తు ఫారం పెడితే బాగా మాట్లాడేవాళ్లు వస్తారు. మీకు కావలసినవాళ్లు చాలాసార్లు ఆ ఫారం చూసి కూడా ఉండరు. అందుకే ముందు వీధిలోకి వెళ్లి అడగండి. పట్టణంలో మహిళల పొదుపు సంఘాలను చూసుకునే మెప్మా ఆర్పీ అక్కను, టిఫిన్ అంగడి అన్నను, అంగన్‌వాడీ టీచరును అడగండి. "2021 నవంబర్ వరదల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఎవరు తిరిగారు? రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని లేపుతారు?" మే నెలలో గంగమ్మ జాతర జరిగేటప్పుడు వీధిలో అంబలి పోసే పని ఎవరు చూసుకుంటున్నారో గమనించండి. కుండలు తెచ్చేది, చందా లెక్క రాసేది, చివరికి ఆ చోటంతా కడిగి వెళ్లేది ఎవరో చూస్తే మీ సగం జాబితా అక్కడే తయారవుతుంది.

వయసు 18 నుంచి 25 మధ్య ఉంటే మంచిది. ఆడపిల్లల విషయంలో వాళ్లింటికి మీరే వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడండి. ఏ టైముకు తిరిగి వస్తుంది, తోడు ఎవరుంటారు అన్నది ముందే చెప్పండి. ఆటో ఖర్చు, ఫోన్ రీచార్జి, పని మానుకున్న పూటకు ఎంతో కొంత స్టైపెండ్ తప్పకుండా ఇవ్వండి. అది లేకపోతే రెండో నెలకల్లా ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే మిగులుతారు. పార్టీ పదవిలో ఉన్నవాళ్లను మేం తీసుకోలేదు. ఎంత మంచివాళ్లయినా వీధి సగం వాళ్లకు తలుపు తీయదు. 21 నిండాక వార్డులో పోటీ చేయాలనిపిస్తే అది వాళ్ల హక్కు, ఈ ఆరు నెలలు మాత్రం ఆ రంగు వద్దు.

మొదటి నెలంతా వినడానికే

ఒక్కో ఫెలో ముప్పై ఇళ్లకు వెళ్లాలి. ఒక్కో ఇంట్లో కనీసం ఇరవై నిమిషాలు కూర్చోవాలి. చేతిలో నోటుబుక్ ఉండకూడదు. ఎందుకో ఒక సంగతి చెబితే తెలుస్తుంది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి మొదటి రోజు నోటుబుక్ పట్టుకుని వెళ్లింది. గడప దగ్గర మల్లెపూలు కడుతున్నావిడ తల ఎత్తకుండానే, "సర్వేనా అమ్మా? నీళ్లు సరిగ్గా రావు, రాసుకో" అంది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. మర్నాడు నోటుబుక్ లేకుండా వెళ్లమన్నాం. ఈ అమ్మాయి పక్కన కూర్చుని తనూ దారం అందుకుంది. మూర కట్టడం రాక రెండుసార్లు తెంపింది. ఆవిడ నవ్వి చూపించింది. మూడో మూర దగ్గర అసలు మాట బయటికొచ్చింది. "నీళ్లు లేక కాదమ్మా. ట్యాంకర్ వచ్చేది పది గంటలకు. ఆ టైముకు మేమంతా పూలు అంగడికి ఇచ్చేదానికి పోయుంటాం. ఇంట్లో ఎవరుండారు పట్టేదానికి?"

ముందు రోజు నోటుబుక్‌లో ఉన్నది నీటి సమస్య. ఇప్పుడు తెలిసింది ట్యాంకర్ టైము. మొదటిది తీరాలంటే కోట్లు కావాలి. రెండోదానికి ఒక్క అధికారి నిర్ణయం చాలు.

ఒకే ఒక్క సమస్య

ముప్పై ఇళ్లు తిరిగాక చేతిలో పది సమస్యలుంటాయి. వాటిలో ఒకటే తీసుకోవాలి. వీధిలో ఎక్కువమందికి నొప్పి ఉన్నది, ఫలానా అధికారి తేల్చగలిగేది, మూడు నెలల్లో ఏదో ఒకటి తేలేది చూసుకోండి. ఇళ్ల పట్టాల లాంటివి అన్నిటికంటే ముఖ్యమే, కానీ ఏళ్లు పడతాయి. మొదటిసారి దిగిన పిల్లలు అక్కడ విరిగిపోతారు.

ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం

2019 అక్టోబర్ 2 నుంచి మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి. వార్డు సచివాలయంలో నీళ్లు, రోడ్లు, వీధి దీపాలు ఎమినిటీస్ సెక్రటరీ పని. ముందు అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది.

సమాచార హక్కు చట్టం, 2005 వాడటం ప్రతి ఫెలోకూ చేతికి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. "మా వీధికి ట్యాంకర్ ఎందుకు ఆలస్యంగా వస్తోంది?" అని రాస్తే ఉపయోగం ఉండదు. "గత మూడు నెలల్లో మా వీధికి వచ్చిన ట్యాంకర్ ట్రిప్పుల లాగ్‌బుక్ నకలు ఇవ్వగలరు" అని రికార్డునే అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

మాట్లాడేది వీధివాళ్లు

అధికారి దగ్గరికి ఐదారుగురు వెళ్లాలి. ఫెలో వెంట ఉంటుంది, నోరు విప్పదు. ముందురోజు రాత్రి ఎవరింట్లోనో కూర్చుని ఎవరు ఏం చెప్పాలో రెండుసార్లు చెప్పించండి. దీనికి మేం మార్షల్ గాంజ్ పద్ధతి వాడతాం. ఈయన 1965 నుంచి పదహారేళ్లు అమెరికాలో వ్యవసాయ కూలీల సంఘంలో పనిచేసి, తర్వాత హార్వర్డ్‌లో ఈ విద్యే నేర్పారు. ఆ పద్ధతిలో చెప్పే వరుస ఇదీ: ముందు నాకేం జరిగింది, తర్వాత మనందరికీ ఏం జరుగుతోంది, చివరికి ఇప్పుడు ఏం కావాలి. పూలావిడ ఆ రాత్రి ఇదంతా ఒక నిమిషంలో చెప్పేసింది. చివరి మాట మాత్రం పదిసార్లు దిద్దుకుంది. "నీళ్లు ఇప్పించండి సార్" అన్నది చివరికి "వారానికి మూడు రోజులు, పొద్దున ఏడులోపల రావాల సార్" అయింది.

మనకు దగ్గరి ఉదాహరణ పక్కనే నెల్లూరు జిల్లాలో ఉంది. దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, చదువుకున్న పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సారా దుకాణం మీదికి కదిలారు. వాళ్లను ముందుండి నడిపింది రోశమ్మ. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మెంటర్ చేయకూడని పని

మెంటర్ అంటే ఫెలోలకు దారి చూపే మాలాంటివాళ్లు. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మొదటి బ్యాచ్‌లో ఒక వీధి దీపం కోసం పిల్లలు మూడు వారాలు తిరిగారు. నాకు టెన్షన్ ఆగలేదు. ఆఫీసులో తెలిసినాయనకు ఫోన్ చేశాను. మర్నాటికి దీపం వెలిగింది. ఆ వారం నుంచి ఆ వీధివాళ్లు ఏం కావాలన్నా నాకే ఫోన్ చేశారు. మా ఫెలోను ఎవరూ పిలవలేదు. ఆ అబ్బాయి నెల తిరగకుండా మానేశాడు. అతను నేర్చుకోవాల్సినదాన్ని నేనే చేసేశాను కదా.

అప్పటి నుంచి మెంటర్ ఫోన్ చేయకూడదన్నది మా నియమం. ప్రతి ఆదివారం రెండు గంటలు కూర్చుంటాం. ఎవరిని కలిశావు, ఏమన్నారు, వచ్చేవారం నీతోపాటు ఇంకెవరు వస్తారు? ఈ మూడే అడుగుతాం. మూడో ప్రశ్నకు ప్రతివారం కొత్త పేరు వస్తుంటే పని సాగుతున్నట్టు. పరీక్షల నెల, జాతర వారం ముందే క్యాలెండర్‌లో కొట్టేసుకోండి.

ట్యాంకర్ సంగతికొస్తే, ఐదో నెలలో ఆరున్నరకు రావడం మొదలైంది. ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అన్నది పూలావిడ చెబుతుంటే కూతురు క్యాలెండర్ మీద టిక్కులు పెట్టేది. ఆ నెలాఖరు మీటింగుకు మా ఫెలో రాలేదు, సెమిస్టర్ పరీక్షలు. అయినా పదకొండు మంది వచ్చారు. సందు చివర కాలువ గురించి సోమవారం ఎవరెవరు వెళ్లాలో వాళ్లే పేర్లు రాసుకున్నారు.