విప్లవాల యుగానికి ఒక బెత్తెడు పట్టీ: 1789–1830 కాలపట్టిక గీసే పద్ధతి

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఫ్రెంచి విప్లవాన్ని ఒక నోట్సులోనూ, భారతదేశ చరిత్రను ఇంకొక నోట్సులోనూ, నిజాం రాజ్యాన్ని మూడో నోట్సులోనూ రాసుకుంటారు. ఈ మూడు నోట్సులూ ఎన్నడూ ఒకదానికొకటి ఎదురుపడవు. అందువల్లనే నెపోలియన్ ఈజిప్టులో దిగిన సంవత్సరమూ, హైదరాబాదులో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసుకున్న సంవత్సరమూ ఒకటేనన్న సంగతి నాకు చదువుకునే రోజుల్లో తట్టనేలేదు. పాఠం చెప్పడం మొదలుపెట్టాక తట్టింది. అప్పటినుంచి ఈ కాలాన్ని నేను పొడవాటి పట్టీ మీదనే చెబుతున్నాను. దాన్ని ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

మామూలు చార్టులు ఐదింటిని పక్కపక్కనే అతికించి, 1789 నుంచి 1830 వరకు 42 సంవత్సరాలకు ఏడాదికి బెత్తెడు చొప్పున గళ్లు గీయండి. బెత్తెడంటే సుమారు మూడు అంగుళాలు కాబట్టి పట్టీ పదిన్నర అడుగులు వస్తుంది. ఈ కొలతను ఎంచుకోవడానికి కారణం ఉంది. బెత్తెడు నాలుగు వేళ్ల వెడల్పు గనుక, ఒక్కో వేలు మూడు నెలలవుతుంది. స్కేలు లేకుండానే, చేతిని కాగితం మీద ఆనించి రెండు సంఘటనల మధ్య ఎన్ని నెలలు గడిచాయో చూసుకోవచ్చు. తరువాత పట్టీని అడ్డంగా ఐదు వరుసలుగా విడదీసి, పైనుంచి కిందికి యూరప్, అమెరికా ఖండాలు, సముద్రాలూ దీవులూ, భారతదేశం, నిజాం రాజ్యం అని పేర్లు రాయండి. దీవులకు వేరే వరుస ఎందుకని చాలామంది అడుగుతారు. ఈ కాలపు కథలో కీలకమైన మలుపులు అప్పటి ఫ్రెంచి వలసలైన హైతీలోనూ, మారిషస్‌లోనూ ఉన్నాయి. వాటిని యూరప్ వరుసలో ఇరికిస్తే కనపడకుండా పోతాయి.

మొదట తేదీలు మాత్రమే పెన్సిలుతో పెట్టుకోవాలి, బాణాలు తరువాత గీయాలి. బాణం గీయడానికి ఒక్కటే నియమం: అది ఎప్పుడూ కుడివైపుకు వాలి ఉండాలి. ఆ రోజుల్లో కబురు ఓడ మీద వచ్చేది. ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి ఇంగ్లండు నుంచి మద్రాసుకు ఉత్తరం చేరడానికి ఐదారు నెలలు, అంటే పట్టీ మీద సుమారు రెండు వేళ్లు, పట్టేది. ఒక సంఘటన మరొకదానికి కారణమని రాయాలంటే, ఆ కబురు అక్కడికి చేరే వ్యవధి వాటి మధ్య ఉందో లేదో ముందు కొలవాలి.

1798ని దగ్గరగా చూస్తే ఈ నియమం విలువ తెలుస్తుంది. జూలై మొదట్లో నెపోలియన్ అలెగ్జాండ్రియా దగ్గర దిగాడు. సెప్టెంబర్ 1న నిజాం సంధి చేసుకున్నాడు. ఆరువేల మంది సిపాయిలను కంపెనీ పంపడం, ఏటా సుమారు 24 లక్షల రూపాయలు నిజాం చెల్లించడం, తన కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని రద్దుచేయడం దాని షరతులు. విద్యార్థులు ఈజిప్టు నుంచి హైదరాబాదుకు వెంటనే బాణం గీసేస్తారు. వేలు పెట్టి కొలిస్తే మధ్యలో ఉన్నది రెండే నెలలు, ఒక వేలికైనా సరిపోదు. నెపోలియన్ దిగిన వార్త కలకత్తాకు అక్టోబర్‌లో గాని చేరలేదు. అసలు బాణం మారిషస్ నుంచి రావాలి. టిప్పు సుల్తాన్ దూతలు వచ్చారనీ, బ్రిటిషువారి మీద యుద్ధానికి స్వచ్ఛంద సైనికులు కావాలనీ అక్కడి ఫ్రెంచి గవర్నర్ మలార్టిక్ జనవరి 30న చాటించిన ప్రకటన, జూన్‌లో కలకత్తా పత్రికలో పడింది. అంతకు ముందు నెలలోనే గవర్నర్ జనరల్‌గా దిగిన రిచర్డ్ వెల్లస్లీ దాన్ని పట్టుకుని నిజాం మీద ఒత్తిడి పెంచాడు. అక్టోబర్‌లో హైదరాబాదులోని ఫ్రెంచి దళం చేత ఆయుధాలు పెట్టించారు. ఆ దళాన్ని పెంచి పోషించిన రేమండ్ అదే ఏడాది మార్చిలో చనిపోయాడు. సరూర్‌నగర్ దగ్గరి గుట్ట మీద అతని సమాధి నేటికీ ఉంది, విద్యార్థులను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లడం మంచిది.

ఈ బాణం 1799 మేలో శ్రీరంగపట్నంలో టిప్పు మరణం దాకా, అక్కడినుంచి 1800 అక్టోబర్ సంధి దాకా సాగుతుంది. మైసూరు యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన తుంగభద్ర దక్షిణపు సీమను నిజాం కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్త మండలాలు. పాలమూరు, నల్లగొండ సీమలు మాత్రం నిజాం కిందనే మిగిలాయి. అలంపురం దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడి అవతలి గట్టును చూసినవారికి, ఆ నది ఎందుకు సరిహద్దయిందో పట్టీ మీద ఈ మూడు బెత్తెల్లోనే దొరుకుతుంది.

దీవుల వరుసలో రెండో పెద్ద మలుపు హైతీ. 1791లో బానిసలు తిరగబడ్డారు. తిరిగి లొంగదీయడానికి నెపోలియన్ పంపిన సైన్యం 1802లో పచ్చ జ్వరానికీ, తిరుగుబాటుదారులకూ బలయింది. దాంతో 1803లో అతడు ఉత్తర అమెరికాలోని తన లూసియానా ప్రాంతాన్ని ఒకటిన్నర కోటి డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. ఇక్కడ బాణం దీవి నుంచి యూరప్‌కు ఎక్కి, అక్కడినుంచి అమెరికాకు దిగుతుంది. బలహీనుల వైపు నుంచి బలవంతుల వైపుకు వెళ్లే ఈ బాణాన్ని ఎర్ర రంగుతో గీయమని చెబుతాను, ఎందుకంటే పాఠాలు చాలావరకు దీన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి.

స్పెయిన్ బాణాన్ని కూడా కొలిచి చూడాలి. 1808లో నెపోలియన్ తన అన్న జోసెఫ్‌ను స్పెయిన్ గద్దె మీద కూర్చోబెట్టాడు. అయితే దక్షిణ అమెరికాలో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న బ్వెనోస్ ఐరిస్ ప్రజలు స్పెయిన్ ప్రతినిధిని దించింది 1810 మే 25న. ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని సెవీల్ నగరం ఫ్రెంచివారి వశమైన కబురు అందిన పది పన్నెండు రోజుల్లోనే. బాణం అక్కడినుంచి మొదలైతే వేలు దాటి కొంచెం మాత్రమే వాలుతుంది. కబురు అందకపోతే ఏమవుతుందో 1814 డిసెంబర్ 24 చూపిస్తుంది: ఆ రోజు ఘెంట్‌లో బ్రిటన్, అమెరికా సంధి చేసుకున్నాయి, అయినా 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర యుద్ధం జరిగింది.

వాటర్లూ, వియన్నా సమావేశం, 1830 జూలై విప్లవం వంటివి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, వాటిని పెట్టేయండి. తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రష్యాలో అప్పుడు పాత క్యాలెండర్ నడిచేది. జార్ చక్రవర్తి మీద సైనికాధికారులు చేసిన 1825 తిరుగుబాటు వారికి డిసెంబర్ 14, తక్కిన యూరప్‌కు డిసెంబర్ 26. నిజాం కాలపు ఫార్సీ కాగితాల్లో హిజ్రీ సంవత్సరం ఉంటుంది, దాన్ని నెలతో సహా మార్చుకోకపోతే బెత్తెడంత తప్పు వస్తుంది. రిచర్డ్ వెల్లస్లీ తమ్ముడు ఆర్థర్ వెల్లస్లీ 1803లో మరాఠాలతో జరిగిన అస్సాయే యుద్ధం దగ్గర భారతదేశపు వరుసలోనూ, 1815లో వాటర్లూ దగ్గర యూరప్ వరుసలోనూ కనిపిస్తాడు; మనుషులను ఇలా చుక్కల గీతతో కలపండి, బాణంతో కాదు.

నిజాం వరుస మొదట్లో బోసిగా కనిపిస్తుంది. 1803లో నిజాం అలీఖాన్ మరణం, సికందర్ జా పట్టాభిషేకం, 1806లో సికింద్రాబాదుకు ఆ పేరు పెట్టడం, 1814లో నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన పామర్ కంపెనీ స్థాపన, ఇవి పెట్టాక ఖాళీలు మిగిలితే ఊహలతో నింపవద్దు. పట్టీ పూర్తయ్యాక ఒక వరుసను కాగితంతో కప్పి, పైవరుసల బాణాలను బట్టి దాని కింద ఏ ఏడాదికి ఏమి ఉండాలో విద్యార్థి చేత చెప్పించండి. అతను చెప్పలేకపోయిన చోట బాణం ఏటవాలును మళ్లీ వేళ్లతో కొలవండి.