వానలు పట్టకముందే గోడ నెమ్ము సంగతి తేల్చుకోండి

మన తిరుపతికి అసలు వానలు అక్టోబరు నుంచే. ఈశాన్య రుతుపవనాలు పట్టుకుంటే డిసెంబరు దాకా ముసురు వదలదు. 2021 నవంబరులో ఊళ్ళో వీధులు ఏరులైన సంగతి ఎవరూ మర్చిపోలేదు. పాత మిద్దె ఇంట్లో ఒకరోజు కారి, నాలుగు రోజులు ఆరి, మళ్ళీ కారే నెమ్ము ఉంటే సెప్టెంబరులోనే దాని సంగతి చూడండి. వాన మొదలయ్యాక దిగేది మిద్దె నీళ్ళో పైపు నీళ్ళో చెప్పడం ప్లంబరుకు కూడా కష్టం.

ముందు మరక అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ, టైము రాయండి. ఆ పూట మోటారు వేశారా, గీజర్ వాడారా, చుట్టాలొచ్చి వరసగా స్నానాలు చేశారా, అదీ రాసుకోండి. మోటారు నడిచేటప్పుడే తడి పెరిగితే సంపు నుంచి పైకెక్కే పైపును, ట్యాంకు పొర్లడాన్ని అనుమానించాలి. స్నానాల తర్వాతే అయితే నీళ్ళు బయటికి పోయే దారిలో, ఎక్కువగా నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్ళు దిగే జాలీ కింది గిన్నె) చుట్టూ, సందు ఉంటుంది. ట్రాప్‌ను తడిగుడ్డతో బిగించి, బాత్రూం నేలమీద అంగుళం నీళ్ళు ఓ గంట నిలబెట్టండి. అప్పుడే తడి కనిపిస్తే నేల టైల్స్ సందులు. గుడ్డ తీసి నీళ్ళు వదిలాక కనిపిస్తే కింది పైపు.

తెల్లారేసరికి తడి పెరుగుతోందా? కొళాయిలన్నీ కట్టేశాక పైపులో ప్రెషర్ నిలిచి ఉంటుంది కాబట్టి గోడలోని జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు) చిల్లు రాత్రిళ్ళే ఎక్కువ కారుతుంది. ఆ చిల్లుకు తుప్పు అడ్డుపడితే కొన్నాళ్ళు ఆగిపోతుంది కూడా. ఆగింది కదా అని పుట్టీ పెట్టి పెయింట్ వేయించకండి, దయచేసి. పడుకునే ముందు ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, పొద్దున మోటారు వేయకముందే చూడండి. తగ్గితే మర్నాటి రాత్రి ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకున్న గేట్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూడండి. అప్పుడూ తగ్గితే ట్యాంకుదే లోపం. తగ్గకపోతే కింది లైను, లేదా ఫ్లష్ ట్యాంకు. ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి అరగంట వదిలేయండి, కమోడ్‌లో నీలం దిగితే వాషర్ పోయినట్టే.

మరక ఉన్నచోటే లీకు ఉంటుందనుకోకండి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్ళలాగా దూలాల మీద వేసిన సున్నపు మిద్దె అయితే నీళ్ళు దూలం వెంబడి పాకి ఎక్కడో దిగుతాయి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్ కొసతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ గదిలో పడుకోవడం మానేసి, ముందు ఇంజనీరును పిలవండి.

అన్నింటికన్నా భయపడాల్సింది స్విచ్‌బోర్డు దగ్గరి నెమ్ముకు. వైర్లు వేసిన పాత కాండ్యూట్ పైపుల్లోంచి నీళ్ళు నేరుగా బోర్డులోకి వస్తాయి. గోడ ముట్టుకుంటే జివ్వుమన్నా, బోర్డులో చిటపట వినిపించినా పొడి నేలమీద చెప్పులేసుకుని నిలబడి మెయిన్ ఆపేయండి. మెయిన్ దగ్గరే తడి ఉంటే దాని జోలికి పోకుండా కరెంటోళ్ళకు ఫోన్ చేయండి. ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా పిల్లల్ని ఆ గోడ పక్కకు రానివ్వొద్దు.

ఏళ్ళ తరబడి తిప్పని గేట్ వాల్వ్‌ను రెంచీతో బలవంతంగా తిప్పకండి, జీఐ మరలు విరిగిపోతాయి. బిందెల్లో నీళ్ళు పట్టిపెట్టుకుని, షాపులు తెరిచి ఉండే పొద్దుటి పూట ప్లంబరుతోనే తిప్పించండి. గోడ కొట్టే ముందు మీ పెన్సిల్ గీతలు, తేదీలు అతనికి చూపించండి.